యాత్రికుని బాధ్యత

దేశాటనం విద్యలో ఒక భాగమని మన పెద్దలు భావించారు. పుస్తకం చెప్పలేని సంగతులు కొన్ని దారి చెబుతుంది. మన కళాశాల ఆవరణలో నిత్యం వినిపించే రెండు భాషల్లోనూ ఈ విషయమై చక్కని భేదం ఒకటి ఉన్నది. ఉర్దూలో ‘సైర్’ వేరు, ‘సఫర్’ వేరు. తెలుగులో విహారం వేరు, యాత్ర వేరు. విహారం మనసుకు సేద తీరుస్తుంది. యాత్ర బుద్ధికి పని చెబుతుంది. రెండూ మనిషికి అవసరమే. కాని నేడు గైడు వెంట బస్సులో సాగే పర్యటనలు యాత్ర పేరుతో విహారాన్ని మాత్రమే అందిస్తున్నాయని మా అభిప్రాయం. వాటిని నిజమైన యాత్రలుగా మార్చడానికి అదనపు ధనం కంటె సరియైన ప్రశ్నలే ముఖ్యమని ఈ వ్యాసంలో మనవి చేయదలచాము.

ఇందుకు దూరదేశపు ఉదాహరణ ఒకటి తీసుకుంటాము. అమెరికాలో స్థిరపడిన బిడ్డలను చూడబోయే తెలుగు తల్లిదండ్రుల సంఖ్య నేడు తక్కువేమీ కాదు. అక్కడ వారికి చూపించే వాటిలో ఆగ్నేయ ప్రాంతపు బస్సు పర్యటన ఒకటి. వర్జీనియా రాష్ట్రంలోని షెనన్‌డోవా జాతీయ ఉద్యానవనంతో అది మొదలవుతుంది. అక్కడినుంచి 469 మైళ్ల పొడవైన బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండదారి దక్షిణంగా గ్రేట్ స్మోకీ పర్వతాల ఉద్యానవనం దాకా సాగుతుంది. 1935లో పని మొదలైన ఆ దారి 1987లో గాని పూర్తి కాలేదు. కొండలు దిగి పడమరగా పోతే టెనెసీ రాష్ట్రంలో సంగీతానికి పేరుపొందిన నాష్‌విల్, మెంఫిస్ నగరాలు వస్తాయి. అరణ్యం, పర్వత ప్రాంతపు వారసత్వం, సంగీతం ఈ మూడూ ఒక్క పర్యటనలో కలిసి రావడం అరుదైన భాగ్యమే. ఆ భాగ్యాన్ని మేము చిన్నచూపు చూడడం లేదు.

స్మోకీ పర్వతాల అందం వర్ణనాతీతం. ఆ కొండలపై ఎల్లప్పుడూ నీలిపొగ వంటి తెర ఒకటి పరచుకొని ఉంటుంది. చెట్లు విడిచే సేంద్రియ ఆవిరులు గాలిలో కలిసి సూర్యకాంతిలోని నీలివర్ణాన్ని చెదరగొట్టడం అందుకు కారణం. 5 లక్షల ఎకరాలకు మించిన ఈ వనాన్ని 1983లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అమెరికా జాతీయ ఉద్యానవనాలన్నింటిలోనూ అత్యధికంగా జనం వచ్చేది ఇక్కడికే. ఏటా కోటికి మించిన సందర్శనలు జరుగుతున్నాయి. గైడు ఈ సంగతులన్నీ చెబుతాడు. నల్ల ఎలుగుబంటిని చూపిస్తాడు. ‘మనిషి చెయ్యి సోకని ప్రకృతి’ అని కూడా అంటాడు. మన ఆక్షేపణ ఆ చివరి మాటమీదనే.

ఆ కొండలు ఏనాడూ నిర్మానుష్యంగా లేవు. అవి చెరొకీ జాతివారి మాతృభూమి. వారిని అడవి మనుషులుగా చిత్రించిన సినిమాలు చూసిన మన విద్యార్థులు ఒక్క సంగతి తప్పక తెలుసుకోవాలి. ఇంగ్లీషు చదవడం, వ్రాయడం రాని సెకోయా అనే చెరొకీ లోహకారుడు తన మాతృభాష ధ్వనులను ఏళ్ల తరబడి పరిశీలించి, 1821 నాటికి దానికొక లిపిని సిద్ధం చేశాడు. మన గుణింతం వలె అందులో ఒక్కొక్క గుర్తు ఒక్కొక్క అక్షరాన్ని పలికిస్తుంది. కొద్ది సంవత్సరాల్లోనే ఆ జాతిలో అక్షరాస్యత విస్తరించింది. 1828 ఫిబ్రవరిలో ‘చెరొకీ ఫీనిక్స్’ అనే పత్రిక వెలువడింది. అది చెరొకీ, ఇంగ్లీషు భాషల్లో ప్రక్కప్రక్కనే అచ్చయిన ద్విభాషా పత్రిక. రెండు భాషలు ఒకే అట్ట నడుమ వెలువడే ఈ సంచికను చేతబట్టిన మన పాఠకులకు ఆ ప్రయత్నపు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే 1830లో అమెరికా కాంగ్రెసు ఆదివాసుల తరలింపు చట్టాన్ని ఆమోదించింది. 1835లో జార్జియా రాష్ట్ర దళంవారు ఆ పత్రిక అచ్చుయంత్రాన్ని స్వాధీనం చేసుకున్నారు. జాతిలో అధికసంఖ్యాకులు అంగీకరించని ఒప్పందాన్ని ఆధారం చేసుకొని 1838లో సైన్యం సుమారు 16 వేలమంది చెరొకీలను ఇళ్లనుంచి కదిలించి మిసిసిపి నది ఆవలకు తరలించింది. ఆ నిర్బంధంలో, ఆ దారిలో సుమారు 4 వేలమంది మరణించారని అంచనా. దానినే కన్నీటి బాట అని పిలుస్తారు. కొండల్లో మిగిలిపోయిన కొద్దిమంది వంశీయులే నేటి తూర్పు చెరొకీలు. ఉద్యానవనాన్ని ఆనుకొని ఉన్న చెరొకీ పట్టణంలో వీధుల పేర్లు నేటికీ సెకోయా లిపిలో కనిపిస్తాయి. ఆ పర్వతాల్లో 6,643 అడుగుల ఎత్తైన శిఖరానికి, బానిసత్వాన్ని సమర్థించిన దక్షిణ రాష్ట్రాల సైన్యంలో సేనానిగా పనిచేసిన క్లింగ్‌మన్ పేరు చాలాకాలం చెల్లింది. తూర్పు చెరొకీల కోరికపై 2024 సెప్టెంబరులో దానికి ‘కువోహి’ అనే ప్రాచీననామం తిరిగి లభించింది. మల్బరీ చెట్లున్న చోటు అని దాని అర్థం. ఒక శిఖరానికి తన పేరు తనకు దక్కడానికి ఒకటిన్నర శతాబ్దానికి పైగా పట్టింది. ఛాయాచిత్రంలో శిఖరం మాత్రమే పడుతుంది. ఈ చరిత్ర పడదు.

చెరొకీల తరువాత ఆ లోయల్లో తెల్లజాతి రైతులు స్థిరపడ్డారు. వారి కథ కూడా వినదగినదే. షెనన్‌డోవా వనం కోసం వర్జీనియా ప్రభుత్వం 1928లో ప్రత్యేక చట్టం చేసి భూములు సేకరించింది. సుమారు 500 కుటుంబాలు కొండలు దిగవలసి వచ్చింది. 1934లో ఏర్పడిన స్మోకీ వనం కోసం వేలాది భూఖండాలను కొన్నారు. కొందరు ఇష్టపడి అమ్మారు. కొందరు న్యాయస్థానాల దాకా వెళ్లి ఓడిపోయారు. అక్కడి కేడ్స్ కోవ్ అనే లోయలో నేడు బస్సులు తప్పక ఆగుతాయి. పాత దూలాల ఇళ్లు, చర్చీలు, నీటితో తిరిగే పిండిమర అక్కడ చూడవచ్చు. ‘ఈ కొండవాసులు ఎంత పురాతనంగా బ్రతికారో!’ అని యాత్రికుడు ఆశ్చర్యపడతాడు. నిజానికి ఆ లోయవాసులు ఇతర గ్రామాల వలెనే కోసిన పలకలతో కట్టిన నూతన గృహాల్లో నివసించేవారు. ఉద్యానవన శాఖ అటువంటి ఇళ్లను చాలావరకు తొలగించి, పాతకాలపు దూలాల ఇళ్లనే నిలిపి ఉంచింది. అంటే యాత్రికుడు చూస్తున్నది ఆ గ్రామాన్ని కాదు. ఆ గ్రామం గురించి మరొకరు ఊహించుకొన్న చిత్రాన్ని.

ఇంత చెప్పినా, ఉద్యానవనాలే వద్దని మేము అనడం లేదు. వనం ఏర్పడక ముందు కలప కంపెనీలు ఆ అడవిలో అధికభాగాన్ని నరికివేశాయి. గొడ్డళ్లు ఆగినందువల్లనే నేడు ఆ పచ్చదనం తిరిగి వచ్చింది. అక్కడి వాగుల్లో, ఆకుల అడుగున 30 జాతుల వరకు సాలమాండర్లు, అనగా బల్లిని పోలిన ఉభయచరాలు, బ్రతుకుతున్నాయి. వాటిని కాపాడిన చట్టం మంచిదే. అయితే మంచిపనికి మూల్యం చెల్లించినవారు ఎవరో తెలుసుకోవడం కనీస కృతజ్ఞత. పట్టణంనుంచి వెళ్లిన మనం ఆ చల్లగాలిని ఉచితంగా అనుభవిస్తాము. దాని వెల ఇల్లు విడిచిన రైతు చెల్లించాడు. అతనికంటె ముందు అంతకంటె ఘోరంగా చెరొకీ చెల్లించాడు.

ఇక సంగీతం సంగతి చూద్దాము. టెనెసీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దు గీత నడివీధిలోంచి సాగే బ్రిస్టల్ అనే పట్టణం ఉన్నది. అక్కడ 1927 వేసవిలో రాల్ఫ్ పీర్ అనే గ్రామఫోను రికార్డుల నిర్మాత కొండప్రాంతపు గాయకులను పిలిపించి వారి పాటలు ముద్రించాడు. కార్టర్ కుటుంబం, జిమ్మీ రాజర్స్ ఆ విధంగానే లోకానికి తెలిశారు. అమెరికా ‘కంట్రీ’ సంగీతానికి అది జన్మస్థానమని చెబుతారు. స్కాట్లండు, ఐర్లండు దేశాలనుంచి వచ్చినవారు ఫిడేలు బాణీలు తెచ్చారన్నది నిజమే. కాని ఆ సంగీతానికి గుర్తుగా నిలిచిన బాంజో వాద్యం మూలాలు పశ్చిమాఫ్రికాలో ఉన్నాయి. సొరకాయ బుర్రకు తోలు బిగించి చేసిన తంత్రీవాద్యాల జ్ఞాపకాన్ని బానిసలుగా తేబడిన ఆఫ్రికనులు సముద్రం దాటించారు. కార్టర్ కుటుంబపు పెద్ద అయిన ఎ. పి. కార్టర్ ఊరూరా తిరిగి పాటలు సేకరించేటప్పుడు లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గాయకుడు అతని వెంట ఉండేవాడు. కార్టర్ మాటలు వ్రాసుకొంటే, రిడిల్ రాగాలను జ్ఞాపకం పెట్టుకొనేవాడు. రికార్డులపై కార్టర్ పేరు అచ్చయింది. రిడిల్ పేరు అచ్చు కాలేదు.

నాష్‌విల్ నగరంలో ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ అనే రేడియో కార్యక్రమం 1925లో మొదలై నేటికీ నడుస్తున్నది. దాని తొలినాటి తారల్లో మౌత్‌ఆర్గాన్ విద్వాంసుడు డిఫోర్డ్ బెయిలీ ఒకడు. రైలుబండి ధ్వనిని ఆ చిన్నవాద్యంపై పలికించి శ్రోతలను మురిపించాడు. ప్రదర్శనలకై ఊళ్లు తిరిగేటప్పుడు నల్లవాడైనందున చాలా హోటళ్లలో అతనికి గది దొరికేది కాదు. 1941లో అతనిని ఆ కార్యక్రమంనుంచి తొలగించారు. ఆ తరువాత అతడు బూట్లు పాలిష్ చేసే దుకాణంతో జీవనం సాగించాడు. 1982లో మరణించాడు. ‘కంట్రీ’ సంగీత ప్రముఖుల కీర్తిమందిరంలో అతనికి స్థానం లభించింది 2005లో. గౌరవం వచ్చింది గాని, అందుకొనవలసిన మనిషి లేడు.

ఆ నగరంలోనే మన విద్యార్థులు, పాలకవర్గం వారు ప్రత్యేకంగా తెలుసుకోదగిన స్థలం ఒకటి ఉన్నది. అది ఫిస్క్ విశ్వవిద్యాలయం. అంతర్యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం, 1866లో, విముక్తులైన బానిసల చదువు కోసం పాత సైనిక వైద్యశాల షెడ్లలో దానిని ప్రారంభించారు. అయిదేళ్లు గడిచేసరికి అప్పులపాలై మూతపడే స్థితికి వచ్చింది. అప్పుడు కోశాధికారి, సంగీత బోధకుడు అయిన జార్జ్ వైట్ తొమ్మిదిమంది విద్యార్థులను వెంటబెట్టుకొని 1871 అక్టోబరు 6వ తేదీన పాటలు పాడి విరాళాలు సేకరించడానికి బయలుదేరాడు. ఆ పిల్లల్లో చాలామంది బానిసలుగా పుట్టినవారే. తల్లిదండ్రులు రహస్యంగా పాడుకొన్న ఆ భక్తిగీతాలను పరుల ఎదుట పాడడానికి వారు మొదట సంకోచించారు. ఆ గీతాలే సభల హృదయాలను కరిగించాయి. 1873లో ఇంగ్లండులో విక్టోరియా రాణి ఎదుట సైతం వారు పాడారు. ఆ పాటల ఆదాయంతో 1876లో జూబిలీ హాల్ అనే భవనం పూర్తయింది. అది నేటికీ అక్కడే ఉన్నది. ఒక విద్యాసంస్థను దాని విద్యార్థులే తమ గొంతులతో నిలబెట్టుకొన్న ఉదంతం ఇది. నాష్‌విల్‌కు వెళ్లి వాద్యాల దుకాణాలు, బూట్ల దుకాణాలు చూసి, ఈ భవనం చూడకుండా వచ్చిన విద్యార్థిని ఏమనాలి?

మెంఫిస్‌లో ఎల్విస్ ప్రెస్లీ నివసించిన భవనం చూడడానికి లక్షలమంది వస్తారు. రావలసిందే. అతడు గొప్ప గాయకుడు. అయితే ఆ నగరంలో లొరెయిన్ మోటెల్ అనే సాధారణమైన బస ఒకటి ఉండేది. నల్లవారూ తెల్లవారూ ఒక బల్లవద్ద కూర్చోవడమే కష్టమైన ఆ రోజుల్లో, స్టాక్స్ రికార్డు సంస్థకు చెందిన ఇరుజాతుల సంగీతకారులు కలిసి కూర్చొని పాటలు కట్టిన చోటు అది. 1968 ఫిబ్రవరి 1వ తేదీన చెత్తబండి యంత్రంలో నలిగి ఇద్దరు నల్లజాతి పారిశుధ్య కార్మికులు మరణించగా, సుమారు 1,300 మంది కార్మికులు సమ్మె చేశారు. ‘నేను మనిషిని’ అన్న ఒక్క మాట వ్రాసిన అట్టలు మెడలో వేసుకొని వీధుల్లో నడిచారు. వారికి బాసటగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4వ తేదీన ఆ మోటెల్ వసారాలోనే హత్యకు గురి అయ్యాడు. 1991నుంచి అది పౌరహక్కుల మ్యూజియంగా ఉన్నది. పాట, పోరాటం అక్కడ ఒకే గోడల మధ్య నివసించాయి. పాటను మాత్రమే విని వచ్చినవాడు సగమే విన్నాడు.

సేద తీరడానికి వెళ్లినవారికి ఇన్ని దుఃఖాలు దేనికని కొందరు ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. సెలవు కొద్ది, సొమ్ము పరిమితం, వయసు మీరిన తల్లిదండ్రులకు ఓపిక తక్కువ. అయినా మేము కోరుతున్నది దుఃఖం కాదు, సమగ్రత. పైన పేర్కొన్న చరిత్ర దాచబడినది కాదు. చెరొకీల మ్యూజియం ఉన్నది. బ్రిస్టల్‌లో 2014నుంచి సంగీత మ్యూజియం ఉన్నది. నాష్‌విల్‌లో 2021లో ఆఫ్రికన్ అమెరికన్ సంగీతానికి ప్రత్యేకంగా ఒక మ్యూజియం తెరిచారు. ఆ దేశంవారు తమ తప్పులను కూడా అద్దాల బీరువాల్లో పెట్టి చూపిస్తున్నారు. బస్సు అక్కడ ఆగుతుందా లేదా అన్నదే ప్రశ్న. యాత్రికుడు అడిగితే ఆగుతుంది. అడగకుంటే అంగడి ఎదుట ఆగుతుంది.

మన పూర్వులు ఇట్లా అడిగినవారే. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసునుంచి కాశీకి బయలుదేరి, దారిలోని ఊళ్లను, అక్కడి మనుషుల స్థితిగతులను శ్రద్ధగా నమోదు చేశాడు. ఆ ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. చెరొకీల తరలింపు చట్టం, వారి కన్నీటి బాట జరిగినవి సరిగా ఆ రెండు సంవత్సరాల్లోనే కావడం మనలను ఆలోచింపజేస్తుంది. హైదరాబాదులో పుట్టిన యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ 1837లో ఇంగ్లండుకు వెళ్లి వ్రాసిన గ్రంథం ఉర్దూలో తొలి సఫర్‌నామాగా పేరుపొందింది. రెండు భాషల్లోనూ యాత్రాసాహిత్యపు మొదటి పుటలు మన ప్రాంతపు వారితో ముడిపడి ఉన్నాయి. ఆ వారసత్వానికి మనం తగినవారం కావద్దా?

అమెరికాను ప్రశ్నించిన నోటితోనే మన ఇంటినీ ప్రశ్నించుకోవాలి. నల్లమలలో పులిని చూడబోయే విద్యార్థి ఆ అడవిలో తరతరాలుగా తేనె తీసి, దుంపలు తవ్వి జీవించిన చెంచుల మాట అడుగుతున్నాడా? పులుల అభయారణ్యాలనుంచి ఆదివాసులను వారి సమ్మతి లేకుండా కదిలించరాదని మన చట్టమే చెబుతున్నది. 2006నాటి అటవీ హక్కుల చట్టం వారి హక్కులను గుర్తించింది. ఈ సంగతి ఎందరు యాత్రికులకు తెలుసు? అట్లే దేవాలయంలో నాదస్వరం విని పరవశించే భక్తుల్లో ఎందరికి ఆ విద్యను తరతరాలుగా కాపాడిన ఆంధ్రదేశపు ముస్లిం కుటుంబాలు గుర్తుకు వస్తాయి? ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1999లో కన్నుమూసిన షేక్ చిన మౌలానా ఆ పరంపరలోనివారే. ఆయనకు గౌరవం దక్కింది. ఆయన వెనుక పేరు తెలియకుండా పోయిన విద్వాంసులు మరెందరో! అల్పసంఖ్యాకుల విద్యాసంస్థగా ఉన్న మనకు, కథ చెప్పేటప్పుడు కొందరి పేర్లు ఎట్లా జారిపోతాయో ఒకరు చెప్పనక్కరలేదు. కనుకనే ఇతరుల పేర్లు మన నోటినుంచి జారిపోకుండా చూసుకోవలసిన బాధ్యత మనపై అధికంగా ఉన్నది.

కళాశాలలు జరిపే విజ్ఞానయాత్రల విషయంలో పాలకవర్గం వారికి మూడు సూచనలు వినయపూర్వకంగా సమర్పిస్తున్నాము. మొదటిది, బయలుదేరడానికి ముందు ఇద్దరేసి విద్యార్థులకు ఒక్కొక్క స్థలాన్ని అప్పగించి, అక్కడ పూర్వం ఎవరు నివసించారు, ఇప్పుడు ఎవరు పని చేస్తున్నారు అన్న రెండు ప్రశ్నలకు సమాధానాలు గ్రంథాలయంలో వెదికించాలి. రెండవది, ప్రతి యాత్రలో ఒక పూట స్థానికుడైన రైతు, గిరిజనుడు, చేతిపనివాడు లేక వాద్యకారుని మాట వినడానికి కేటాయించి, అతనికి తగిన పారితోషికం ఇవ్వాలి. మూడవది, తిరిగివచ్చిన ప్రతి విద్యార్థి తెలుగులోగాని ఉర్దూలోగాని యాత్రావృత్తాంతం వ్రాయాలి. వాటిలో ఉత్తమమైనవి రెండు, ఒకదానిని మరొక భాషలోకి అనువదించి, ఈ సంచికలో ప్రకటించాలి. వీటిలో ఏ ఒక్కటీ భారీ వ్యయంతో కూడినది కాదు. మన విద్యార్థుల్లో చాలామంది తల్లిదండ్రులకు యాత్రారుసుమే కష్టార్జితంలో పెద్దభాగం. అంత కష్టపడి పంపిన బిడ్డ కొన్ని ఛాయాచిత్రాలు మాత్రమే తెచ్చి చూపితే ఆ కష్టానికి న్యాయం జరిగినట్లు కాదు.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఉన్నతవిద్యకై, ఉద్యోగాలకై ఆ దేశం వెళ్లవచ్చు. మీ తల్లిదండ్రులను ఆ నీలికొండలకు, ఆ పాటల నగరాలకు తీసుకువెళ్లవచ్చు. తప్పక తీసుకువెళ్లండి. కువోహి శిఖరం మీద వారిని నిలబెట్టి ఆ పేరుకు అర్థం చెప్పండి. జూబిలీ హాల్ ఎదుట ఒక్క నిమిషం ఆగి, తొమ్మిదిమంది పిల్లలు పాట పాడి కళాశాలను నిలబెట్టిన సంగతి వినిపించండి. కొడుకు ఫీజు కోసం గాజులు తాకట్టు పెట్టిన తల్లికి ఆ కథ పరాయిదిగా తోచదు.